సామేల్‌కు నేనిచ్చిన తప్పు

పదకొండేళ్ళుగా ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరో నన్నన్న మాట కాదు. నేనే అన్నది. అనడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ మాట విని ఒక మనిషి పూర్తిగా మారిపోయాడు. చెడిపోయాడని కాదు, బాగుపడ్డాడని తాండూరులో అతన్ని ఎరిగినవాళ్ళందరూ అంటారు. నాకు గొంతులో అడ్డం పడ్డది అదే. చెడిపోయి ఉంటే ఎందుకని ఎవరో ఒకరు ఆరా తీసేవాళ్ళు, తిరిగి తిరిగి ఆ సంగతి ఏదో ఒక రోజు నా దగ్గరికి వచ్చేది. బాగుపడ్డవాణ్ణి చూసి ఎవరూ ఎందుకని అడగరు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో చెప్పే ధైర్యం లేదు. పేరు దాచుకుని ఒప్పుకోవడం సగం ఒప్పుకోవడమే అని మీరంటే కాదనలేను. ఆ మనిషి పేరు కూడా మార్చాను. సామేల్ అందాం.

మాది మర్పల్లి దగ్గర పల్లె. మా నాయన గొర్లు కాసేవాడు. ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కణ్ణే. వికారాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాను, ఉద్యోగమంతా తాండూరులో ఒక కాలేజీలో చేశాను. పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైలెక్కి రావడం. ఎం.ఏ.లో తత్వశాస్త్రం తీసుకున్నప్పుడు అందులో ఒక పేపరు చైనా పాత నీతి మీద ఉండేది, కన్ఫ్యూషియన్ ఆలోచన అంటారే, అది. మిగతా పేపర్లు పరీక్ష కోసం చదివాను. దీన్ని మాత్రం నా కోసం చదివాను. సజ్జనుడు పుట్టుకతో రాడని, రోజూ తనను తాను కొంచెం కొంచెం దిద్దుకుంటూ పోయే ఎవరైనా సజ్జనుడు కావచ్చునని అందులో ఉంది. గొర్లు కాసేవాడి కొడుక్కి అంతకంటే ఏం కావాలి? పెద్దవాళ్ళకు ఎలా నమస్కారం పెడుతున్నావు, కోపంలో ఎలా మాట్లాడుతున్నావు, ఎవరూ చూడనప్పుడు ఎలా ఉంటున్నావు, ఇదే అందులో సాధన. అడవులకు పోనక్కర్లేదు. నీ తప్పు నీ ముఖం మీద చెప్పే స్నేహితుడుంటే అతన్ని వదులుకోవద్దు. ఆ చివరిది నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

చెప్పి ఊరుకోకుండా ఒక పని మొదలుపెట్టాను. శనివారం మధ్యాహ్నం క్లాసులయ్యాక భౌతికశాస్త్రం ల్యాబులో ఎనిమిది మందిమి కూర్చునేవాళ్ళం. ఐదుగురు లెక్చరర్లు, ఒక లైబ్రేరియన్, పప్పుమిల్లులో గుమాస్తాగా చేసే మా పాత విద్యార్థి, అటెండర్ సామేల్. ప్రతివారం ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకోవాలి. నెలకొకసారి చీటీలు తీయాలి. ఎవరి పేరు వస్తే వాళ్ళకున్న తప్పు ఒకటి అందరి ముందు చెప్పాలి. విన్నవాడు ఎదురు చెప్పకూడదు. కారణాలు చెప్పకూడదు. చేతులు జోడించి "యాదికుంచుకుంట" అని మాత్రం అనాలి, ఆ నెలంతా దాని మీద పని చేయాలి. ఈ చేతులు జోడించే మర్యాద నేనే పెట్టాను. ముందు ఒళ్ళు వంగితే మనసు వెనకాలే వంగుతుందని ఆ పాత చైనా గురువుల నమ్మకం. నాకూ అదే నమ్మకం ఉండేది.

సామేల్‌ను మేం పిలవలేదు. ఒక శనివారం టీ గ్లాసులు తీసుకుపోతూ గుమ్మంలో ఆగి, "నేను గూడ జర కూసుంటా సార్" అన్నాడు. రమ్మన్నాను. అటెండర్‌ను కూడా పక్కన కూర్చోబెట్టుకున్నానని లోపల మురిసిపోయాను. ఆ మురిసిపోవడాన్ని నా తప్పుల్లో ఎప్పుడూ చెప్పలేదు.

అతనిది యాలాల్ అవతల పల్లె. అమ్మానాన్నలు పొలాల్లో కూలి చేసి పది దాకా చదివించారు, ఇంటర్ ఉద్యోగంలో చేరాక ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు. మాటకారి. గేటు దగ్గర అతను లేకపోతే కాలేజీ సెలవు పెట్టినట్టుండేది. సరిహద్దు అవతలి నుంచి వచ్చే తల్లిదండ్రులతో కన్నడంలో, ముస్లిం పిల్లల తండ్రులతో ఉర్దూలో, మాతో మా యాసలో. కందుల కోతల కాలంలో ఆడపిల్లల చదువు మాన్పిస్తామని తండ్రులు వచ్చేవాళ్ళు. సామేల్ వాళ్ళను ఆఫీసు దాకా రానిచ్చేవాడే కాదు. గేటు పక్కన కింద కూర్చోబెట్టి, వానల గురించి, ఎడ్ల గురించి అడిగి అడిగి, ఒక గంటకు వాళ్ళ చేతే "ఈ ఏడు చదవనీ" అనిపించి పంపేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ అతనే.

మా ఎనిమిది మందిలో నిజంగా సాధన చేసింది కూడా అతనే. ఒకసారి కెమిస్ట్రీ సార్ చీటీ తీసి, "నువ్వు తలుపులు దబాల్న వేస్తవు సామేల్, క్లాసులో ఉలిక్కిపడుతున్నం" అన్నాడు. మర్నాటి నుంచి సామేల్ ప్రతి తలుపునూ రెండు చేతులతో పట్టుకుని వేసేవాడు. నెల గడిచాక మేం మరిచిపోయాం. అతను మానలేదు.

మరి నేను? నేను తెచ్చే తప్పులు ఎలా ఉండేవో ఒకటి చెప్తాను. "ఈ వారం రైల్లో ఒక ముసలామెకు సీటు ఇచ్చేముందు ఒక్క క్షణం ఆలోచించాను. ఆ ఒక్క క్షణం నా స్వార్థం." ఇలాంటివి. అందరూ తలలు ఊపేవాళ్ళు. సార్ ఎంత సూక్ష్మంగా చూసుకుంటాడో అని లైబ్రేరియన్ బయట చెప్పుకునేవాడు. ఆ మాట నా చెవిన పడేది, నేను విననట్టు పోయేవాణ్ణి.

ఆ నెల సామేల్ తీసిన చీటీలో నా పేరు వచ్చింది. అతను చీటీని మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని, నా వైపు చూసి, మామూలుగా, టీ తేవాలా అని అడిగినంత మామూలుగా అన్నాడు: "సార్, మీరు చిన్న చిన్న తప్పులే తెస్తరు. పెద్దయి ఇంట్లనే పెట్టి వస్తరు. గీ చిన్నయి ఒప్పుకునేటప్పుడు మీ మొఖం మస్తు ఖుషీగ ఉంటది."

ఎవరో ఫక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. నేను చేతులు జోడించాను. "యాదికుంచుకుంట" అన్నాను. నవ్వాను కూడా. తర్వాత లేచి సామేల్ భుజం తట్టి, ఇన్నాళ్ళకు ఒక్కడు నిజం చెప్పాడని అందరితో అన్నాను. నిజమే చెప్పాడు. ఒళ్ళంతా మంట. సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని, నా ముఖం ఖుషీగా ఉంటుందా అని ఆలోచించాను. ఉంటుందని తెలుసు. తెలిసినందుకే మంట. వేరే ఎవరైనా అని ఉంటే ఇంత మండేదా? కెమిస్ట్రీ సార్ అని ఉంటే? ఈ ప్రశ్న నేను చాలా ఏళ్ళు అడుక్కోలేదు. అటెండర్ అన్నాడని మండింది. మనుషులంతా ఒకటేనని, ఎవరైనా సజ్జనుడు కావచ్చునని చెప్పుకు తిరిగిన నాకు, కూలివాళ్ళ కొడుకు నన్ను నాకంటే బాగా చూశాడని మండింది. మా నాయన గొంగడి వాసన ఇంకా నా ముక్కులోంచి పోకముందే.

రెండు నెలల తర్వాత రికార్డు అసిస్టెంటు ఖాళీ వచ్చింది. అర్హత ఉన్న అటెండర్లు ఇద్దరు, సామేల్, ఇంకొకతను. సామేల్ సీనియర్. అప్పుడు ప్రిన్సిపాల్ సెలవులో ఉంటే నేను ఇన్‌చార్జిగా ఉన్నాను. ఇద్దరి మీదా అభిప్రాయం రాసి పంపమని పై ఆఫీసు అడిగింది. ఇంకొకతని గురించి రెండు మంచి వాక్యాలు రాశాను. సామేల్ గురించి ఇలా రాశాను: "పనిమంతుడు. నోటి మీద అదుపు తక్కువ. గోప్యంగా ఉంచవలసిన కాగితాలు అప్పగించడం మంచిది కాదు."

ఆ మూడు వాక్యాలూ ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఇది కక్ష కాదు, నిజాయితీ అని నాకు నేను చెప్పుకున్నాను. మాట్లాడతాడా లేదా? మాట్లాడతాడు. మరి నేను రాసింది అబద్ధమెలా అవుతుంది? ఇలా ఒక్కొక్క మెట్టూ దిగాను. అన్నేళ్ళ కొలువులో సామేల్ ఒక్క కాగితం సంగతి బయట చెప్పలేదు. ఆ సంగతి తెలిసి కూడా రాశాను. ఎవరూ చూడనప్పుడు ఎలా ఉంటున్నావో అదే నువ్వు అని క్లాసులో చెప్పినవాణ్ణి, తలుపు వేసుకుని, కవరు నేనే అంటించాను.

పోస్టు ఇంకొకతనికి వచ్చింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది ఒక అసూయ కథ. ఆఫీసుల్లో ఇలాంటివి రోజూ జరుగుతాయి. నేను చేసిన అసలు పని దీని తర్వాతది.

ఆ శనివారం అందరూ వెళ్ళాక సామేల్ ల్యాబు తాళం చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. అనుమానం లేదు, నిష్ఠూరం లేదు. కళ్ళు మాత్రం కొంచెం వాచి ఉన్నాయి.

"సార్, నాకెందుకు రాలే? నాల ఏం తప్పున్నదో మీరైతే చెప్తరు. చెప్పుండ్రి, దిద్దుకుంట."

అప్పుడు చెప్పి ఉండొచ్చు. అంత నేరుగా అడిగినవాడికి అంతే నేరుగా, నేనే రాశాను సామేల్ అని చెప్పి ఉంటే, కొట్టేవాడో తిట్టేవాడో, అక్కడితో అయిపోయేది. నేను ఆలోచించినట్టు కాసేపు కిటికీలోంచి చూశాను. నేను రాసిన కాగితం ఎప్పుడైనా బయటపడితే? అప్పుడు నేను రాసింది నిజమని అతనే ఒప్పుకునేలా ఉండాలి. అంత తొందరగా, అంత చల్లగా లెక్క వేశాను.

"నీకు మాటలెక్కువ సామేల్" అన్నాను. "ఎవరూ అడగకముందే చెప్తవు. పెద్ద పని కావాల్నంటే నోరు కట్టుకోవాలె. గదొక్కటే నీకు అడ్డమొచ్చింది."

అతను ఆ మాటను నెమ్మదిగా విన్నాడు. మందు చీటీ చదివించుకుని వినే మనిషిలా విన్నాడు. చేతులు జోడించాడు. "యాదికుంచుకుంట సార్" అన్నాడు.

యాదికుంచుకున్నాడు. మొదటి వారం నోట్లో వక్క పెట్టుకుని వచ్చాడు. వక్క ఉంటే మాట రాదని లైబ్రేరియన్‌తో చెప్పాడట. నెలకు వక్క అవసరం లేకపోయింది. అడిగితే జవాబు, లేకపోతే లేదు. గేటు దగ్గర నవ్వులు ఆగిపోయాయి. చర్చిలో పాట ఎత్తుకోవడం ఇంకొకరికి అప్పగించాడని తర్వాత తెలిసింది. నెల పోతే మరిచిపోతాడని నేను అనుకున్నాను. అతను దేన్నీ మధ్యలో వదిలేసే మనిషి కాదని నాకు తెలుసు కదా, అయినా అలాగే అనుకున్నాను.

ఆ ఏడు చలికాలంలో సరిహద్దు అవతలి పల్లె నుంచి ఒక తండ్రి వచ్చాడు. కన్నడం తప్ప రాదు. కూతురు మాది రెండో సంవత్సరం, బాగా చదివే పిల్ల. మాన్పిస్తానంటున్నాడు. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు, అప్పటికీ ఇన్‌చార్జి నేనే కాబట్టి నేరుగా నా గదికే వచ్చాడు. సామేల్‌ను పిలిచి, ఇంకో మూడు నెలల్లో పరీక్షలున్నాయి, అప్పటిదాకా ఆగమని చెప్పమన్నాను. సామేల్ అదే చెప్పాడు. అంతే చెప్పాడు. ఆ తండ్రి ఏదో అన్నాడు. "ఇగ చదివియ్యడట సార్" అన్నాడు సామేల్. ఇంకేమైనా చెప్పు అన్నాను. "ఏం చెప్పమంటరో చెప్పుండ్రి సార్, చెప్త" అన్నాడు. వానల గురించి, ఎడ్ల గురించి ఎలా అడగాలో నాకు రాదు. సర్టిఫికెట్ల మీద నేనే సంతకం పెట్టాను. ఆ పిల్ల బయట గోడకు ఆనుకుని సామేల్ వైపే చూస్తోంది. అతను తల వంచుకుని నిలబడ్డాడు. పాత సామేల్ అయితే ఆ పిల్ల వెళ్ళేది కాదు. అలా వెళ్ళిన పిల్లలు ఆ తర్వాత ఇంకా ఉన్నారు.

ఆ రోజైనా చెప్పాలి కదా? చెప్పలేదు. చెప్పకపోగా ఇంకొకటి చేశాను, ఇది రాయడానికే అన్నిటికంటే కష్టంగా ఉంది. శనివారం కూర్చున్నప్పుడు సామేల్‌ను అందరికీ ఉదాహరణగా చూపించాను. ఒక్క తప్పును పట్టుకుని మనిషి తనను తాను ఎంత దిద్దుకోవచ్చో చూడండి, సాధనంటే ఇది అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సామేల్ సిగ్గుపడ్డాడు. అతని ముఖంలో చిన్న సంతోషం కనిపించింది. పోస్టు పోయాక ఆ ముఖంలో నేను చూసిన మొదటి సంతోషం అదే. దాన్ని కూడా నేనే ఇచ్చినట్టు లోపల గర్వపడ్డాను.

ఏళ్ళు గడిచాయి. నేను రిటైరయ్యాను. శనివారాలు ఆగిపోయాయి. ఒకసారి కందిపప్పు కోసం తాండూరు వెళ్తే బజారులో అతని భార్య సుగుణమ్మ కనిపించింది. బాగున్నారా అంటే బాగున్నమంది. సంచీ చేయి మార్చుకుంటూ, "మీ దగ్గర కూసుని మా ఆయన మస్తు మంచిగైండని అంటరు సార్ అందరు. మంచిగనే ఉన్నడు. బిడ్డ ఫోన్ జేస్తే గూడ ఊ అంటడు, పెట్టేస్తడు. నాతోని మాట్లాడక ఎన్నేండ్లాయెనో" అంది. ఫిర్యాదు చేయలేదు. వాన పడలేదన్నట్టు చెప్పింది. పప్పు కొనకుండానే స్టేషన్‌కు వచ్చేశాను.

ఆ తర్వాత కూడా చాలాకాలం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే ఒక్కో ఏడు ఒక్కో కారణం చెప్పుకున్నాను. ఇప్పుడు చెప్తే అతని మనశ్శాంతి పోతుందని. అతను దాన్ని మంచి గుణంగా చేసుకున్నాడు, దాన్ని నేనెందుకు లాక్కోవాలని. వినడానికి ఎంత బాగుంటాయి ఈ కారణాలు. తప్పు చేయడం కంటే దాన్ని కప్పి చుట్టూ మంచి మాటలు పేర్చడమే మనిషిని దిగజారుస్తుందని ఆ పాత చైనా ఆలోచన అంతా గోల పెడుతుంది. నేను దాని మీద నోట్సు రాసి పిల్లలకు పంచినవాణ్ణి.

పోయిన నెల సామేల్ రిటైరయ్యాడు. అటెండర్‌గా చేరాడు, అటెండర్‌గానే. సభకు నన్నూ పిలిచారు, వేదిక మీద కుర్చీ వేశారు. అందరూ మాట్లాడాక సామేల్‌ను మాట్లాడమన్నారు. మైకు దాకా వచ్చాడు. జనం వైపు చూశాడు. పెదవులు కదిలాయి. ఒకసారి నా వైపు చూశాడు, అనుమతి కోసం చూసినట్టు. తర్వాత చేతులు జోడించి వెళ్ళి కూర్చున్నాడు. ఎంత వినయం అని పక్కనున్నాయన నా చెవిలో అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను.

వారం తర్వాత పొద్దుటి రైలుకు తాండూరు పోయాను. సామేల్ ఇంటి ముందు నీడలో కుర్చీ వేశాడు, తను గోడ అంచున కూర్చున్నాడు. సుగుణమ్మ టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. నేను రైలంతా తయారు చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పాను. నేనే రాశానని. ఏం రాశానో కూడా. ఎందుకు రాశానో కూడా. "గా తప్పు నీకు లేదు సామేల్. నేను రాసింది నిజం కావాల్నని నీకు గట్ల చెప్పిన" అన్నాను.

సామేల్ నేల వైపు చూశాడు. తర్వాత తలెత్తాడు.

"అంటే నాకు మాటలెక్కువ లేకుండెనా సార్?"

"లేకుండె."

"మస్తు కష్టపడ్డ సార్ దాని మీద" అన్నాడు.

అంతే. తిట్టలేదు. పోనీలెండి అని కూడా అనలేదు. క్షమించమని నేను అడగలేదు, అడిగితే ఆ భారం కూడా అతని మీదే పెట్టినట్టవుతుంది. టీ చల్లారిపోయింది. నేను లేచాను, అతను లేవలేదు. నేను లేచి నిలబడ్డా అతను కూర్చునే ఉండటం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. దానికి కొంచెం సంతోషపడ్డాను.

ఇది రాస్తున్నప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. అద్దంలో చూసుకోలేదు. మీకు కనబడదు కాబట్టి మీరు తీర్పు చెప్పలేరు. సామేల్ అయితే చెప్పేవాడు. ఒక్కటి మాత్రం మీ దగ్గర దాచను. ఇదివరకటి నేనైతే ఇక్కడ దారంతా కుమిలిపోయానని రాసి ఉండేవాణ్ణి. సామేల్‌ను అలా కూర్చోబెట్టి వచ్చి తిరుగు రైలెక్కిన నాకు, ఆ రోజు కిటికీ పక్కన నిద్ర పట్టింది. హాయిగా పట్టింది. వికారాబాద్‌లో ఎవరో తట్టి లేపారు.